సేనల పొత్తు, సరిహద్దు చిచ్చు

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రహదారి మీద, కంచికచర్ల రాకముందే పరిటాల వస్తుంది. బస్సులో వెళ్లేవాళ్లకు ఇప్పుడు ఆ ఊరంటే ఎత్తైన ఆంజనేయస్వామి విగ్రహమే గుర్తు. 1948కి ముందు ఈ ఊరిదీ, చుట్టుపక్కల మరికొన్ని పల్లెలదీ విచిత్రమైన పరిస్థితి. నాలుగు వైపులా ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా, మధ్యలో ఈ పల్లెలు మాత్రం నిజాం ఏలుబడిలో. కారణం వజ్రాలు. 1766 నవంబరు 12న హైదరాబాదులో నిజాం అలీ ఖాన్‌కూ ఈస్టిండియా కుంఫిణీకీ ఒప్పందం కుదిరింది. సర్కారు సీమలను కుంఫిణీకి వదిలేస్తూ, వజ్రాల గనులూ వాటి కింది గ్రామాలూ తనకే ఉండాలని నిజాం అందులో రాయించుకున్నాడు. ఆ షరతు నూట ఎనభై ఏళ్లు చెక్కుచెదరలేదు. 1947 చివర్లో పరిటాల జనం తమది స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించుకున్నాకే దానికి కాలం చెల్లింది.

పరిటాల రిపబ్లిక్ సంగతి నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో చాలామందికి తెలుసు. అదే ఒప్పందంలో ఉన్న మరో షరతు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. నిజాం ప్రభుత్వానికి అవసరం పడినప్పుడు కుంఫిణీ తన సైన్యాన్ని పంపాలి. సర్కార్లకు ఇంగ్లీషువారు చెల్లించిన మూల్యంలో డబ్బెంతో, తుపాకులూ అంతే. ఉక్రెయిన్ మీద రష్యా దాడికి దిగినప్పటి నుంచి ప్రపంచమంతా ఒక ప్రశ్న చుట్టూ వాదించుకుంటోంది. ఒక సైనిక కూటమి పెరుగుతూ పెరుగుతూ పొరుగు రాజ్యం పొలిమేర దాకా వస్తే, అది యుద్ధాన్ని ఆపుతుందా, తెస్తుందా? ఈ ప్రశ్నకు సాక్ష్యం కోసం యూరప్ దాకా వెళ్లనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో కృష్ణ రెండు ఒడ్డులా జరిగిన బేరసారాలు చూస్తే చాలు.

పెనుగంచిప్రోలు పక్కన పారే మున్నేరు ఖమ్మం మీదుగా దిగివచ్చి కృష్ణలో కలుస్తుంది. తిరుపతమ్మ తిరునాళ్లకు ఎగువ నుంచీ దిగువ నుంచీ జనం వస్తారు. 1766 తరువాత ఈ ఏటికి ఎగువన నిజాం రాజ్యం, దిగువన కుంఫిణీ రాజ్యం. ఈ దిగువ ప్రాంతమంతా అప్పటి కొండపల్లి సర్కారు. పాత కాగితాల్లో దానికే ముస్తఫానగర్ అని పేరు. కృష్ణకు దక్షిణాన గుంటూరు సర్కారు, అంటే ముర్తజానగర్, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేట కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి వంశానికి నదికి రెండు వైపులా భూములుండేవి. అవతలి ఒడ్డున చింతపల్లిలో వారి కోట. ఒకే జమీందారు కుటుంబం ఒక ఒడ్డున ఒక ప్రభుత్వానికి, రెండో ఒడ్డున మరో ప్రభుత్వానికి శిస్తు కట్టవలసి వచ్చిన రోజులవి. కుంఫిణీ, నిజాం, మైసూరు, మరాఠా, ఫ్రెంచి – ఇన్ని సేనల చూపూ ఈ గట్ల మీదే ఉండేది.

ఇంకాస్త ముందు జరిగిన బొబ్బిలి యుద్ధం తెలుగువారికి నోటికి వచ్చిన కథ. విజయనగరం, బొబ్బిలి ఇరుగుపొరుగు సంస్థానాలు. ఏటి నీళ్ల దగ్గరా, పొలిమేరల దగ్గరా వాటి మధ్య పాత తగాదాలున్నాయి. అప్పటి నిజాం సలాబత్ జంగ్ 1753లో సర్కార్లను ఫ్రెంచివారికి ఇచ్చాక, వారి సేనాని బుస్సీతో విజయరామరాజు పొత్తు కట్టాడు. ఫ్రెంచి ఫిరంగులు రాకపోతే ఆ తగాదా ఏ దాడులతోనో, ఏ మధ్యవర్తిత్వంతోనో నడిచేది. 1757 జనవరి 24న అది బొబ్బిలి కోట నేలమట్టమై, ఆడవాళ్లూ పిల్లలూ కూడా మిగలని ఊచకోతగా ముగిసింది. ఆపై తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. అక్కడితోనూ ఆగలేదు. తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. రెండు సంస్థానాల పోరు రెండేళ్లలో రెండు యూరప్ రాజ్యాల పోరై కూర్చుంది. పొరుగువాడి మీద కోపంతో దూరదేశపు సేనను తెచ్చుకుంటే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఘటన మన చరిత్రలో లేదు.

1765లో కుంఫిణీ ఢిల్లీ పాదుషా షా ఆలం దగ్గర సర్కార్లకు ఫర్మానా పుచ్చుకుంది. నేల నిజాం చేతిలో ఉంది, కాగితం ఇచ్చింది పాదుషా. నిజాం మండిపడ్డాడు. 1766 మార్చిలో జనరల్ కైలాడ్ కొండపల్లి కోట పట్టుకున్నాడు. అయినా యుద్ధానికి కుంఫిణీ జంకింది. కైలాడ్ స్వయంగా హైదరాబాదు వెళ్లి ఒప్పందం రాసుకున్నాడు. ఏడాదికి 9 లక్షల రూపాయల పేష్కషు (కప్పం): రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి మూడింటికీ కలిపి 5 లక్షలు, శ్రీకాకుళానికి 2, గుంటూరుకు 2. గుంటూరు మాత్రం బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయనదే. దీనికి తోడు, పైన చెప్పిన సేన.

ఆ సేన ఎవరి మీదికి వెళ్లాలో ఒప్పందంలో లేదు. అసలు లోపం అక్కడే ఉంది. తనను ఎవరైనా కొడితే కాపాడమని నిజాం అడిగి ఉంటే అది ఒక రకం పొత్తు. ఎవరినైనా కొట్టడానికి తోడు రమ్మంటే అది వేరే రకం. నిజాంకు కావలసింది రెండోది. ఒప్పందం తడి ఆరకముందే, 1767లో, కుంఫిణీ సేనను వెంటబెట్టుకుని మైసూరు మీదికి నడిచాడు. మైసూరు ఏలిక హైదరాలీతో కుంఫిణీకి అప్పటికి తెగని పగ ఏమీ లేదు. పొత్తు లాక్కెళ్లిన చోటికి మద్రాసు దొరలు వెళ్లారు. హైదరు ముందు మరాఠాలకు డబ్బిచ్చి పంపించేశాడు, ఆ తరువాత నిజాంను తనవైపు తిప్పుకున్నాడు. ఏ మిత్రుడి కోసం వచ్చారో ఆ మిత్రుడే సెప్టెంబరులో చెంగం దగ్గర ఇంగ్లీషు సేనకు ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు బెంగాల్ నుంచి వచ్చిన కర్నల్ పీచ్ దళం సర్కార్ల మీదుగా ఖమ్మం, వరంగల్ వైపు కదిలింది. హైదరాబాదుకు ముప్పు దగ్గరపడేసరికి నిజాం మళ్లీ సంధికి వచ్చాడు. ఎక్కడో మైసూరులో మొదలైన జగడం మున్నేటి ఎగువకు వచ్చి చేరింది.

1769లో మద్రాసు గుమ్మం దాకా వచ్చిన హైదరుతో కుంఫిణీ రాజీపడింది. ఎవరి మీద దాడి జరిగినా రెండోవారు ఆదుకోవాలని రాసుకున్నారు. ఆ వెంటనే మరాఠాలు మైసూరు మీద పడ్డారు. హైదరు కబురంపాడు. మద్రాసు నుంచి ఒక్క సిపాయి కూడా కదల్లేదు. హైదరు దాన్ని మరిచిపోలేదు.

ఇక గుంటూరు వ్యవహారం. ఈ చర్చకు దీన్ని మించిన ఉదాహరణ దొరకదు కాబట్టి కాస్త వివరంగా చూడాలి.

బసాలత్ జంగ్‌కు రెండు జాగీర్లు: ఇటు గుంటూరు, అటు ఆదోని. ఆయన కొలువులో ఫ్రెంచి సిపాయిల దళం ఒకటి ఉండేది. గుంటూరు సర్కారుకు మోటుపల్లి వైపు సముద్రతీరం ఉంది కాబట్టి ఫ్రెంచివారు అక్కడ దిగుతారని మద్రాసుకు భయం. 1779లో మద్రాసు గవర్నరు సర్ థామస్ రంబోల్డ్ నేరుగా బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచివారిని పంపేయాలి, గుంటూరును కుంఫిణీకి కౌలుకివ్వాలి. బదులుగా కుంఫిణీ సేన ఆదోనికి వెళ్లి ఆయనకు కాపలా ఉంటుంది. అన్న అయిన నిజాంను ఒక్క మాట అడగలేదు. గుంటూరును వెంటనే ఆర్కాటు నవాబుకు పదేళ్ల కౌలుకు ఇచ్చేశారు కూడా.

మ్యాపు ముందు పెట్టుకుంటే తంటా ఎక్కడుందో తెలుస్తుంది. ఆదోనికి పోవాలంటే కడప సీమ దాటాలి. కడప నవాబును హైదరు అప్పుడే ఓడించి ఆ సీమను కలుపుకున్నాడు. తన కొత్త సరిహద్దు పక్కన ఇంగ్లీషు పటాలం దిగడం తాను సహించనని హైదరు ముందే చెప్పాడు. అయినా కర్నల్ హార్పర్ దళం అనుమతి లేకుండానే బయల్దేరింది. కనుమల్లో హైదరు మనుషులు దారి మూసేశారు. దళం వెనక్కి రావలసి వచ్చింది. అదే సమయంలో హాలండ్ అనే రాయబారి హైదరాబాదు వెళ్లి నిజాం ముందు సర్కార్ల పేష్కషు మాఫీ చేయమన్న కోరిక పెట్టాడు. తమ్ముణ్ని తనకు తెలియకుండా లాక్కున్న కోపంలో ఉన్న మనిషికి అది పుండు మీద కారం చల్లినట్టయింది. బసాలత్ జంగ్ వదిలేసిన ఫ్రెంచి దళాన్ని నిజాం తన కొలువులో పెట్టుకున్నాడు.

హైదరుకు, మరాఠాలకు మధ్య ఏళ్ల తరబడి వైరం. నిజాంకు ఇద్దరంటేనూ అనుమానమే. అలాంటి ముగ్గురినీ 1780 నాటికి ఒక్క తాటి మీదికి తేవడంలో మద్రాసు కౌన్సిలుకు పెద్ద పాత్రే ఉంది. ఒక వైపు కూటమి పెరిగితే దానికి ఎదురు కూటమి ఎలా పుడుతుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. జులైలో హైదరు కనుమలు దిగి కర్ణాటక మైదానం మీద పడ్డాడు. మద్రాసు చుట్టూ ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. గుంటూరు సర్కారులో ఉన్న కర్నల్ బెయిలీ దళాన్ని హుటాహుటిన దక్షిణానికి రమ్మన్నారు. ఆ దళం సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదరు, ఆయన కొడుకు టిప్పుల చేతికి చిక్కి తుడిచిపెట్టుకుపోయింది. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఆ యుద్ధ చిత్రం ఈనాటికీ ఉంది: పేలిపోతున్న మందుగుండు బండి, చతురస్రాకారంలో మూసుకుపోయిన ఎర్రకోట్ల వరుసలు, మధ్యలో పల్లకిలో గాయపడిన బెయిలీ. గుంటూరు నుంచి నడిచి వెళ్లిన ఆ సేనాని రెండేళ్ల తరువాత శ్రీరంగపట్నంలో బందీగానే చనిపోయాడు.

హైదరు కోపానికి గుంటూరు ఒక్కటే కారణమంటే పొరపాటు. తన రక్షణలో ఉన్న ఫ్రెంచి రేవు మాహేను ఇంగ్లీషువారు 1779 మార్చిలో పట్టుకున్నారు. 1769 నాటి మాట తప్పిన పగ ఉండనే ఉంది. రాజ్యం పెంచుకోవాలన్న ఆశ హైదరుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కడపను మింగింది ఆయనే. అయితే నిజాం సంగతి వేరు. ఆయన్ను యుద్ధం వైపు నెట్టింది గుంటూరే. వారన్ హేస్టింగ్స్ ఆ ముడిని ఎలా విప్పాడో చూస్తే ఈ మాట నిజమని తేలుతుంది. 1780లో ఆయన గుంటూరును తిరిగి బసాలత్ జంగ్‌కు ఇప్పించాడు. నిజాం యుద్ధానికి దిగకుండా పక్కకు తప్పుకున్నాడు. కూటమి ఒక అడుగు వెనక్కి వేస్తే ఒక శత్రువు తగ్గాడు. హైదరు మాత్రం ఆగలేదు. మైసూరు యుద్ధం 1784 దాకా సాగింది. రెచ్చగొట్టడం వల్ల వచ్చే యుద్ధానికీ, ఆశ వల్ల వచ్చే యుద్ధానికీ ఉన్న తేడా ఈ ఇద్దరిలో తెలుస్తుంది.

పదేళ్లు తిరక్కుండానే అదే గుంటూరు ఇంకో చిక్కు తెచ్చింది. బసాలత్ జంగ్ 1782లో చనిపోయాడు. 1788లో గుంటూరు కుంఫిణీ వశమైంది. దానికి బదులుగా, పాత ఒప్పందం ప్రకారం తనకు రావలసిన సేన సంగతి తేల్చమని నిజాం అడిగాడు. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌కు చేతులు కట్టేసినట్టయింది. కొత్త సైనిక పొత్తులు పెట్టుకోరాదని 1784లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. అందుకని ఆయన ఒప్పందం రాయలేదు, ఉత్తరం రాశాడు. 1789 జులై 7 నాటి ఆ ఉత్తరం ఒప్పందంతో సమానమని అందులోనే చెప్పాడు. సేన ఇస్తాం, కానీ మా మిత్రుల మీదికి తీసుకెళ్లకూడదు అంటూ మిత్రుల పేర్లు వరసగా రాశాడు: పేష్వా, సింధియా, భోంస్లే, ఆర్కాటు నవాబు, తంజావూరు, తిరువాన్కూరు రాజులు. అందులో హైదరు తరువాత మైసూరు ఏలుతున్న టిప్పు సుల్తాను పేరు లేదు. అప్పటికి కుంఫిణీకీ టిప్పుకూ మధ్య 1784 నాటి మంగళూరు సంధి అమల్లోనే ఉంది.

పేరు లేదంటే అర్థం ఏమిటో టిప్పుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడు డిసెంబరు 29న ఆయన తిరువాన్కూరు గోడల మీద దాడి చేశాడు. కుంఫిణీ, నిజాం, మరాఠాలు కలిసి 1790లో యుద్ధం ప్రకటించారు. 1792లో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆ ఉత్తరమే టిప్పును రెచ్చగొట్టిందని తరువాతి ఇంగ్లీషు చరిత్రకారుల్లోనే కొందరు కార్న్‌వాలిస్‌ను తప్పుపట్టారు. తిరువాన్కూరు మీద టిప్పు కన్ను అంతకు ముందు నుంచీ ఉందని, డచ్చివారి కోటలను తిరువాన్కూరు కొనడం అసలు కారణమని మరికొందరన్నారు. రెండూ నిజమే. కానీ ఎటూ తేల్చని ఆ ఉత్తరం టిప్పును భయపెట్టింది గానీ ఆపలేకపోయింది.

మరి పొత్తులే లేకపోతే శాంతి ఉండేదా? 1795లో ఖర్డా దగ్గర దీనికీ జవాబు దొరికింది. మరాఠాలు మీదికి వస్తుంటే నిజాం కుంఫిణీని ఆదుకోమన్నాడు. గవర్నర్ జనరల్ జాన్ షోర్ తమకు సంబంధం లేదన్నాడు. అండ లేదని తెలిశాక మరాఠాలు ఆగలేదు. నిజాం చిత్తుగా ఓడి, డబ్బూ భూమీ ఇచ్చుకున్నాడు. ఆ దెబ్బతో నిజాం ఫ్రెంచి సేనాని రేమాండ్ దళాన్ని పెంచుకోవడం, 1798లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకుని దాన్ని నిరాయుధం చేయించడం వరసగా జరిగాయి. ఆ తరువాత హైదరాబాదుకు కుంఫిణీ సేన కాపలా దొరికింది. ఆ భద్రతకు నిజాం పెద్ద ధరే చెల్లించాడు. సేన ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి సీమలు కుంఫిణీకి దఖలు పడి దత్తమండలాలయ్యాయి. సొంత విదేశాంగ నీతి అన్నది నిజాంకు ఇక మిగల్లేదు. 1802 చివర్లో పేష్వా కూడా ఇదే రకం ఒప్పందం మీద సంతకం పెడితే, దాన్ని సహించని సింధియా, భోంస్లేలతో మరుసటి ఏడే యుద్ధం వచ్చింది.

పరిశోధకులు లెక్కలు తీసి చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త బ్రెట్ ఆష్లే లీడ్స్ 1816 నుంచి 1944 దాకా దేశాల మధ్య తగాదాలను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాడికి గురైతే ఆదుకుంటామన్న రక్షణ పొత్తులు తగాదాలను తగ్గించాయి. దాడికి తోడొస్తామన్న పొత్తులూ, మేం జోక్యం చేసుకోమన్న హామీలూ తగాదాలను పెంచాయి. 1766 ఒప్పందం, 1795లో షోర్ తటస్థత ఆ కాలపరిధికి ముందువే అయినా, ఈ రెండు కోవల్లో చక్కగా ఇముడుతాయి.

మన దేశమూ ఇది చవిచూసింది. పాకిస్తాన్ 1954లో అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకుని సీటోలోనూ, మరుసటి ఏడు బాగ్దాద్ ఒడంబడికలోనూ చేరింది. ఆ కూటములు కమ్యూనిస్టులను అడ్డుకోవడానికని అమెరికా అనుకుంది. పాకిస్తాన్ చూపు కాశ్మీరు మీద ఉంది. 1965లో అసల్ ఉత్తర్ పొలాల్లో మన సేన ధ్వంసం చేసిన ప్యాటన్ ట్యాంకులు ఆ పొత్తులో వచ్చినవే. యుద్ధం వచ్చాక కూటమి పాకిస్తాన్‌ను ఆదుకోలేదు, అమెరికా ఆయుధాల సరఫరానే ఆపేసింది.

ఇప్పుడు నాటో దగ్గరికి వద్దాం. 1949లో 12 దేశాలతో మొదలైన కూటమిలో నేడు 32 ఉన్నాయి. తూర్పుకు విస్తరించడం ఘోరమైన పొరపాటని అమెరికా మాజీ దౌత్యవేత్త జార్జ్ కెనాన్ 1997లోనే హెచ్చరించాడు. కూటమి పెరగడమే యుద్ధానికి కారణమైతే 2004లో చేరిన ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల మీద, లేదా రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉండీ 2023 ఏప్రిల్‌లో చేరిన ఫిన్లాండ్ మీద దాడి జరగాలి. జరగలేదు. దాడులు జరిగింది చేర్చుకుంటామని మాటిచ్చి చేర్చుకోని రెండు దేశాల మీద. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సమావేశం జార్జియా, ఉక్రెయిన్ సభ్యులవుతాయని ప్రకటించింది, తేదీ వేయలేదు. ఆ ఆగస్టులోనే జార్జియాలో యుద్ధం. 2014లో క్రిమియా, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దండయాత్ర.

దీన్ని బట్టి రష్యాను అమాయకురాలిగా చూడనక్కర్లేదు. ఉక్రెయిన్, రష్యా ప్రజలు ఒకే జాతి అంటూ పుతిన్ 2021 జులైలో రాసిన వ్యాసంలోనే హైదరుకు కడప మీద ఉన్నటువంటి ఆశ కనిపిస్తుంది. దాడి చేసిన తప్పు దాడి చేసినవాడిదే. కానీ పక్కవాడిని భయపెట్టేంత పెద్దదై, మిత్రుణ్ని కాపాడలేనంత బలహీనమైన హామీ ఇచ్చిన కూటమికీ ఆ పాపంలో పాలుంది. 1779లో ఆదోనికి బయల్దేరి కనుమల నుంచి వెనుదిరిగిన హార్పర్ దళం సరిగ్గా అలాంటి హామీ. 1789 ఉత్తరమూ అంతే, 2008 ప్రకటనా అంతే. అలాంటి హామీ ఇచ్చేవాళ్లు దూరంగా మద్రాసులోనో, బ్రస్సెల్స్‌లోనో ఉంటారు. దాని ఫలితం అనుభవించేది ఆర్కాటు పల్లెల రైతులు, ఖార్కివ్ పక్కన ఊళ్లు వదిలిన కుటుంబాలు.

సర్కార్ల పేష్కషును కుంఫిణీ 1823లో ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలు చెల్లించి వదిలించుకుంది. ఆ సొమ్ము నిజాం విలియం పామర్ కంపెనీకి పడ్డ అప్పుకే జమ అయింది. సర్కార్ల లెక్క అలా ఓ కొలిక్కి వచ్చింది. ఉక్రెయిన్ విషయంలో మాత్రం 2024 జులైలో వాషింగ్టన్ నాటో సమావేశం ఒక అడుగు ముందుకేసి, సభ్యత్వం వైపు దారి ఇక వెనక్కి తిరగనిదని రాసింది. ఎప్పుడన్నది అప్పుడూ రాయలేదు.